మూల చింపిన కార్డు

గుఢియారీ, రాయపూర్
5 అక్టోబరు 1953, సోమవారం

బొబ్బిలిలో మా వదినకి పార్వతి రాసేది.

గార్డుగారి చేత నువ్వు పంపిన ఆవకాయ జాడీ చేరింది. మూతకి కట్టిన గుడ్డ చూస్తేనే నీ చెయ్యి అని తెలిసిపోయింది. మూడు ముళ్ళు చాలక, ఎందుకైనా మంచిదని నాలుగోది కూడా వేశావు. అన్నయ్య దగ్గు తగ్గిందా? కోర్టునించి రాగానే చల్లనీళ్ళు తాగడం మానమను.

"నీ పంతొమ్మండుగురు పిల్లలూ ఎలా ఉన్నారు?" అని అడిగావు. రైలుకట్ట పక్కన పాత సామాన్ల షెడ్డులోనే నడుస్తోంది మా బడి. అందరూ గేంగుమేన్ల పిల్లలు, ఖలాసీల పిల్లలు, బొగ్గు మోసేవాళ్ళ పిల్లలు. వాళ్ళకి తెలివి తక్కువేమీ లేదు. తల ఎత్తడమే తెలియదు. "మాది కట్ట మీద బతుకు టీచరమ్మా, మాకేటి వొస్తాది?" అని తొమ్మిదేళ్ళవాడు అంటే, అది వాడి మాటా వాళ్ళ నాన్న మాటా అనిపిస్తుంది.

అందుకని శనివారం లెక్క అని ఒకటి పెట్టాను. తమకి భయమైన పని ఏదో ఒకటి శనివారం చెయ్యాలి, సోమవారం వచ్చి చెప్పాలి. ఒకడు కిరాణా సేఠుతో హిందీలో మాట్లాడి వచ్చాడు. ఒకత్తి మేటు బంగారయ్యకి ఎదురుగా నడిచి వెళ్ళింది. మేటంటే గేంగుకి పెద్ద. ఆయన మీసం కనిపిస్తే చాలు, పిల్లలందరూ ఇళ్ళలోకి పరుగు. రాసేటప్పుడు మచ్చ పడితే ఏడవొద్దు, ఆ ముక్క చింపేయండి, మిగతా కాయితం మీదే కదా అని కూడా చెబుతుంటాను.

గేంగుమేను దానయ్య కూతురు పైడమ్మ సంగతి రాయాలి. పదకొండేళ్ళది. మొదట్లో గడ్డం గుండెకి ఆనించుకుని తప్ప మాట్లాడేది కాదు. ఇప్పుడు రైల్వే ఇళ్ళ లైన్లో వాళ్ళందరి ఊరి ఉత్తరాలూ ఆ పిల్లే రాస్తుంది, నేను పక్కన కూచుంటే. ఈవేళ తన వంతు రాగానే లేచి, "రాసేసినాను టీచరమ్మా. సెయ్యి వణికినాది. అయినా రాసేసినాను" అంది. "ఏం రాశావే?" అంటే "కార్డు, మా మామ్మకి" అంది. నేను లేకుండా తనంతట తను రాసిన మొదటి కార్డు! అందరిచేతా చప్పట్లు కొట్టించాను. నవంబరాఖరున సర్కారీ బడి ప్రవేశపరీక్ష ఉంది. ఫారం ఎవరిది వాళ్ళే నింపాలట. ఈ పిల్ల నింపుతుంది, చూడు.

ఆ మామ్మ పేరు అప్పలనరసమ్మ. మీ బొబ్బిలి సంతలో చింతపండు అమ్ముతుందట, గెడ్డవలస మనిషి. కనిపిస్తే నీ మనవరాలి చేతిరాత ముత్యాల్లా ఉందని చెప్పు.

ధైర్యం నేర్పేదాన్ని నేను. నా శనివారం ఎప్పుడని ఇంకా ఎవరూ అడగలేదు. అడుగుతారేమోనని లోపల ఒక బెదురు.

నీ ఆడపడుచు
పార్వతి


బొబ్బిలి
10 అక్టోబరు 1953

పార్వతికి, తాయారు వదిన దీవించి రాసేది.

నాలుగో ముడి వెటకారం అందింది. ఈసారి జాడీ మూత లేకుండా పంపుతాను, దారిలో గార్డే తింటాడు.

తరవాతి సంగతి రాయడానికి చెయ్యి రావడం లేదు. నీ ఉత్తరం గురువారం పొద్దున వచ్చింది. ఆ రోజే సంత కదా అని వెళ్ళాను. అప్పలనరసమ్మ బుట్ట ఉండే చోటు ఖాళీ. పక్కన మిరపకాయలమ్మే మనిషిని అడిగితే, "నీకు తెల్దా అమ్మా? ఆల కొడుకు రాయపూర్ల పోనాడట. నిన్న కార్డొచ్చినాది, మూల సింపేసి" అంది.

కార్డు ఎవరు చదివారే అని అడిగాను. "సదవడమేటి? పోస్టు రామియ్య రెండేళ్ళ కొసలతో పట్టుకుని గుమ్మంల నిలబడ్డాడు. మూల సూడగానే ముసిల్ది కూలిపోనాది. దానియ్య అన్న పేరు కాడికే ఆడు సదివినాడు. అక్కడే ముక్కలు సేసి గెడ్డ నీళ్ళల కలిపేసినారు. అలాటి కార్డు ఇంట్ల ఎట్టుకుంతారేటి?" అంది.

పార్వతీ, సోమవారం నాటి ఉత్తరంలో ఆ మనిషి గురించి ఏమీ లేదేం? తండ్రి పోయిన పిల్లకి చప్పట్లు కొట్టిస్తావా? బండి కింద పడ్డాడా? నాకు చెబితే భయపడతానని దాచావా? మీ అన్నయ్య కూడా "అది చిన్నప్పటినించీ అంతే, చెడ్డమాట నోట రానివ్వదు" అంటున్నారు. ఆవిడ వెళ్తానంటే, మట్టి చేసేసి ఉంటారు, వెళ్ళి ఏం చూస్తావని ఊళ్ళోవాళ్ళు ఆపేశారట. మూడు రోజులుగా పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టడం లేదట.

వెంటనే జాబు రాయి.

తాయారు


రాయపూర్
13 అక్టోబరు

వదినా,

దానయ్య బతికే ఉన్నాడు.

నీ ఉత్తరం చేతిలో పట్టుకునే కట్టమీదికి పరిగెత్తాను. పెద్ద సుత్తి ఎత్తి పట్టా మేకు కొడుతున్నాడు. "ఏటి టీచరమ్మా, ఇలగొచ్చినారు?" అన్నాడు. ఏమీ లేదన్నాను. బతికున్న మనిషితో నువ్వు పోయావని మీ ఊళ్ళో ఏడుస్తున్నారని ఎలా చెప్పను? వెనక్కి తిరిగి వచ్చేశాను.

ఇంటికొచ్చి కూచుని ఆలోచిస్తే అప్పుడు తట్టింది. మచ్చ పడితే చింపేయండని చెప్పింది నేను! కార్డు మూల సిరా ఒలికి ఉంటుంది. టీచరమ్మ మాట విని పిల్ల ఆ మూల చింపేసి పోస్టులో వేసింది. చావు కబురుకే మూల చింపుతారని పదకొండేళ్ళ పిల్లకి ఎవరు చెబుతారు? అందులో దానయ్య పేరు ఎలాగూ ఉంటుంది, తండ్రి కుశలం రాయకుండా ఎవరు రాస్తారు? మద్రాసులో బీయే చదివి వచ్చి, పల్లెటూరి మర్యాద ఒకటి మరిచిపోయి పాఠం చెప్పాను. ఒక ముసలి ప్రాణం అక్కడ నీళ్ళు ముట్టడం లేదు.

దానయ్య క్షేమమని ఇంగ్లీషులో టెలిగ్రాం కొట్టించాను. సాయంత్రానికి చేరుతుందన్నారు. నువ్వు కూడా అన్నయ్యని తీసుకుని గెడ్డవలస వెళ్ళిరా, బండి కట్టించుకో. టెలిగ్రాం నమ్మకపోతే నీ మాట నమ్ముతారు.

పైడమ్మకి ఏమీ చెప్పలేదు. ఈవేళ బడికి వచ్చి, "మామ్మ కాడినుంచి జాబొచ్చినాదేటి టీచరమ్మా?" అని రెండుసార్లు అడిగింది. ఆ ముసలావిడకి ఏమైనా అయిందంటే ఆ పిల్ల ఈ జన్మలో మళ్ళీ కలం పట్టదు. నేను పట్టించినా పట్టదు. ఆవిడ బతికుంది అన్న ఒక్క ముక్క రాయి. మిగతావన్నీ తరవాత.

పార్వతి


బొబ్బిలి
16 అక్టోబరు

పార్వతికి,

మంచికని నువ్వు కొట్టిన టెలిగ్రాం కొంప ముంచింది.

ఖాకీ బట్టల మనిషి సైకిలు దిగి "రాయపూర్ తార్" అనగానే ఆ వాడంతా గొల్లుమందట. ఆ ఇళ్ళకి టెలిగ్రాం వస్తే ఇంకెందుకు వస్తుంది? కోడలో మనవరాలో కూడా పోయిందనుకున్నారు. ఇంగ్లీషు చదివే మేష్టరు దసరాకి ఊరెళ్ళాడు. ఆ కాయితం విప్పకుండా చూరులో దోపేశారు.

నీ ఉత్తరం నిన్న వచ్చింది. రాగానే మేం వెళ్ళాం. మీ అన్నయ్య చూరులోంచి తీసి చదివి, "మీ వాడు బతికున్నాడర్రా" అంటే ఆవిడ పెద్దకొడుకు నూకరాజు నేలమీద చతికిలబడి, "ఎవులికి సెప్తారు బాబూ? అమ్మ నేదు" అన్నాడు. పోయిందా అని అరిచాను. పోలేదు, వెళ్ళిపోయింది. టెలిగ్రాం వచ్చిన రాత్రి తెల్లవారకుండానే లేచి, "మొకం ఎలాగూ సూడనేదు, ఎముకలైనా సూస్తాను" అని చింతపండు మూట నెత్తిన పెట్టుకుని బొబ్బిలి స్టేషనుకి నడిచిందట. జన్మలో రైలెక్కిన మనిషి కాదు. మన ముక్క తప్ప ఇంకో భాష రాదు. రాయపూర్ బండి ఎక్కడం మటుకు స్టేషనులో పోర్టరు చూశాడు.

అది పద్నాలుగో తారీకు. నిన్ననే మీ ఊళ్ళో దిగి ఉండాలి. దిగిందా?

నూకరాజు నా కాళ్ళు పట్టుకున్నంత పని చేశాడు. పిల్లలకి ధైర్యం నేర్పుతున్నావని మురిశాను గాని, మన ఇళ్ళల్లో భయం కూడా ఒక కాపలాయేనమ్మా. అది తీసేసే ముందు తలుపు గడియ చూసుకోవాలి.

తాయారు


రాయపూర్
20 అక్టోబరు

వదినా,

దిగలేదు.

మొన్న దసరాకి తగలేసిన రావణుడి బొమ్మలోని మందు వాసన ఇంకా ఊళ్ళోంచి పోలేదు. ఆ జనంలో, ఆ టపాకాయల మోతలో దిగి ఎటైనా పోయిందా అని రెండు రోజులు స్టేషను బయట, గుఢియారీ బజారులో తిరిగాను. లేదు. దానయ్యకి చెప్పక తప్పలేదు. మేటు సెలవిస్తే, టిట్లాగఢ్ దాకా ప్రతి స్టేషనులో దిగి అడుగుతానని వెళ్ళాడు.

ఇప్పుడు రాయబోయేది అన్నయ్యకి చదివి వినిపించకు. లేక వినిపించు. నాకేమీ తోచడం లేదు.

పైడమ్మని పిలిచి, "సిరా ఒలికిందా అమ్మా, అందుకేనా మూల చింపావు?" అని మెల్లిగా అడిగాను. తప్పు నాదని చెప్పి ఓదారుద్దామని. ఆ పిల్ల నా కళ్ళలోకి చూసి, "ఒలకనేదు. తెలిసే సింపినాను" అంది.

ఆ పిల్ల మాటల్లోనే రాస్తాను. "మాలయ పచ్చంల నాన్న కట్ట మీద బువ్వ తింతంటే కాకి నెత్తిమీద తన్నీసినాది. కొళాయి కాడ అందరూ అన్నారు, ఇక గండమేనని. సుట్టాలకి సావు కబురు పంపీయాల, ఆలు నిజమనుకుని ఏడిత్తే గండం పోద్ది, మూడో నాడు అబద్దమని రాసీయాల. అమ్మ రాయించనంది. నాన్న నవ్వినాడు గాని బువ్వ ఒగ్గీసినాడు. ఎవులికీ దైర్నం నేదు. నాకూ నేదు టీచరమ్మా. అందుకే శనివారం రాసినాను."

నేను చప్పట్లు కొట్టించాను, వదినా. నాన్న పోయాడని రాసిన చేతికి పద్దెనిమిదిమంది చేత చప్పట్లు కొట్టించాను. ఏం రాశావని మళ్ళీ ఒకమాట అడగలేదు. వినడానికి బాగున్నంతవరకూ విని ఆపేశాను.

మంగళవారం రెండో కార్డు నాలుగు మూలలా పసుపు పెట్టి డబ్బాలో వేసిందట, అంతా అబద్ధమని. అదేమైపోయింది? అది అంది ఉంటే ఆవిడ ఇల్లు కదిలేది కాదు.

ఇంకొకటి. దానయ్య బయల్దేరేముందు, "ఆ కార్డు ఎవులు రాసినారు టీచరమ్మా?" అని అడిగాడు. "ఎవరో పొరపాటు" అన్నాను. పిల్ల గడపలో నిలబడి ఉంది. లోపలికి వెళ్ళి నేనిచ్చిన కలం తెచ్చి నా చేతిలో పెట్టి, గడ్డం మళ్ళీ గుండెకి ఆనించుకుంది.

రోజూ పాసింజరు వేళకి వెళ్ళి ప్లాట్‌ఫారం చివర నిలబడుతోంది.

పార్వతి


బొబ్బిలి
23 అక్టోబరు

పార్వతికి,

రెండో కార్డు దొరికింది. రామయ్య సంచీలోనే ఉంది. తొమ్మిదో తారీకునే వచ్చిందట. "పసుపు కార్డు మైల ఇంట్లో ఎలా ఇమ్మంటారమ్మా? పన్నెండో రోజు దాటాక ఇద్దామని దాచి మరిచిపోయాను" అన్నాడు. తప్పు చేశానని కూడా వాడికి తోచలేదు. నేనైనా అలాగే చేసేదాన్నేమో. ఇదిగో, ఉన్నదున్నట్టు రాస్తున్నాను: "మామ్మా ఏడవవద్దు. నాన్న బాగున్నాడు. కాకి తన్నినది గావున రాసితిని. నన్ను కొట్టవలెనంటే రావలెను. ఇట్లు పైడమ్మ."

చదివి నవ్వు వచ్చింది, వెంటనే ఏడుపు వచ్చింది.

ఇన్నేళ్ళుగా నీకు చెప్పనిది ఒకటుంది. నా పెళ్ళయిన ఏడు మీ అన్నయ్యని కాకి తన్నింది. మా పుట్టింటికి చావు కబురు రాయించాలని మీ అమ్మ నిన్ను పిలిచింది, ఇంట్లో గుండ్రటి అక్షరాలు నీవే కదా. చావు కబురు అన్న మాట వినగానే నువ్వు భయపడి అటకెక్కి సాయంత్రందాకా దిగలేదు. ఆఖరికి తన చావు తనే రాసుకున్నారు మీ అన్నయ్య. మా నాన్న ఏడుస్తూ పదిమైళ్ళు నడిచి వచ్చారు. గండం పోయిందని ఆయనకి పాయసం పెట్టాం. నువ్వు అటకెక్కావు, ఆ పిల్ల రాసింది. ఎవరిది మంచిపనో నాకు తెలియదు. తప్పంతా నీ బడిదే అనుకోకు, ఆ తప్పు మన ఇంట్లో ముందే ఉంది.

రాయనా మాననా అనుకుంటూనే రాస్తున్నాను. రాయగడ దాటాక కట్ట పక్క ముళ్ళకంపకి ముసలివాళ్ళు కట్టే చీర ఒకటి చుట్టుకుని ఉందని నిన్నటి బండి గార్డు అన్నాడట. మనిషి లేదు, చీరే.

దేవుడి దగ్గర దీపం ఆరకుండా చూస్తున్నాను.

తాయారు


రాయపూర్
29 అక్టోబరు, గురువారం

వదినా,

ముందు ఇది చదువు: ఆవిడ వచ్చింది. ఆ చీర ఆవిడది కాదు. ఒక్క చీరతో బయల్దేరి ఆ ఒక్క చీరతోనే చేరింది.

దానయ్య శుక్రవారం ఉత్త చేతులతో తిరిగి వచ్చాడు. ఏ స్టేషనులోనూ చూసినవాళ్ళు లేరు. ఆ రాత్రి ఆ ఇంట్లో పొయ్యి వెలగలేదు. నేను కూడా అటకమీదే ఉన్నాను వదినా, నలభై మూడేళ్ళు వచ్చినా.

శనివారం పొద్దున గేంగు హాజరు వేళకి, పన్నెండుమంది సుత్తులు భుజాన వేసుకుని నిలబడి ఉండగా, పైడమ్మ వెళ్ళి మేటు బంగారయ్య ఎదురుగా నిలబడిందట. ఆ పన్నెండుమందిలో వాళ్ళ నాన్న ఒకడు. "కార్డు నానే రాసినాను. పొరపాటు కాదు. మా మామ్మ నా మూలానే తప్పిపోనాది. ఎతికించండి బాబూ" అంది. నేను పంపలేదు. నాకు తెలియదు కూడా.

దానయ్య చెయ్యెత్తాడట. మేటు ఆ చెయ్యి పట్టుకుని, "ఆగరా. ఆడగుంట పనికొచ్చే ముక్క సెప్పింది. స్టేసన్ల అడిగితే ఏటి దొరుకుద్ది? రైలు తెలీని మనిసి పట్టాలే నమ్ముకుంటాది. కట్టమీద అడగాల" అన్నాడు. మా గేంగు హద్దు దాకా వెళ్ళి పక్క గేంగుకి చెప్పారు, వాళ్ళు ఆ పక్కవాళ్ళకి. మాట అలా పట్టాల వెంట పోయింది.

మేటు చెప్పినట్టే అయింది. ముసలావిడ కాంటాబాంజీలో మంచినీళ్ళకి దిగితే బండి కదిలిపోయిందట. "రైలు పోయిన దారే గదా, దాని ఎనకే ఎలితే రాయపూరే" అని నడిచింది. ఏ గేంగు కనబడినా "నా కొడుకూ మీలాటోడే, పోనాడు" అని చెప్పిందట. ఒకరు గంజి పోస్తే, ఒకరు గుడిసెలో పడుకోబెట్టారు. ఇద్దరు ఒడియావాళ్ళు ట్రాలీ మీద కొంతదూరం దింపారట. మహాసముంద్ దగ్గర మనవాళ్ళ గేంగుకి ఎదురైంది. వాళ్ళకి మా కబురు అప్పటికే అంది ఉంది.

నిన్న మధ్యాహ్నం తెచ్చారు. కాళ్ళు పగిలి రక్తం. నెత్తిన చింతపండు మూట అలాగే ఉంది. దానయ్యని తలనించి పాదాల దాకా తడిమింది. చేతివేళ్ళు ఒక్కొక్కటీ లెక్కపెట్టింది. ఏడవలేదు.

పైడమ్మని వాళ్ళమ్మ వెనక్కి లాగుతోంది. నేను ఒక వాక్యం సిద్ధం చేసుకున్నాను, "చిన్నపిల్ల, తెలియక" అని. నోరు విప్పేలోగా పైడమ్మ ముందుకొచ్చి, "నానే రాసినాను మామ్మా. కాకి తన్నీసినాది" అంది.

ముసలావిడ లాగి ఒక్కటి కొట్టింది. పిల్ల కదల్లేదు. తరవాత ఆవిడ పిల్ల గడ్డం పట్టుకుని పైకెత్తి, దానయ్య వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించి అడిగింది: "నా ఏడుపు సాలినాదా? సాలకపోతే సెప్పు, ఇంకా ఏడుత్తాను."

అప్పుడు ఏడ్చింది పైడమ్మ. లైనంతా ఏడ్చింది. ఆ పాత నమ్మకాన్ని మానిపించాలని నేను తయారుచేసుకున్న ఉపన్యాసం ఎక్కడో పోయింది. తరవాత చెప్పాలి, చెబుతాను. నిన్న మటుకు చెప్పలేకపోయాను.

నా శనివారం బుధవారం వచ్చింది. దానయ్యతో, పొరపాటని నీతో అబద్ధమాడాను, ఆ కార్డుకి చప్పట్లు కొట్టించింది నేనే అని చెప్పేశాను. ఆయన "సప్పట్లకేటి లెండి టీచరమ్మా. ఏటి రాసినావని ఇంకోపాలి అడగాల్సింది" అన్నాడు. అంతకంటే మెత్తగా ఎవరూ నన్ను కొట్టలేదు.

శనివారం లెక్క ఉంచాలో తీసెయ్యాలో ఇంకా తేల్చుకోలేదు. సర్కారీ బడి ఫారం నా బల్లమీద ఉంది. పైడమ్మ అడగలేదు, నేనూ ఎత్తలేదు.

కాని ఈ పొద్దున ముసలావిడే మనవరాల్ని నా దగ్గరికి లాక్కొచ్చి, "ఊరికి రాయించమ్మా, నూకడు ఏడుస్తుంటాడు. ఇదే రాయాల" అంది. కలం ఇచ్చాను. అయిదు వరసలు రాసింది. ఈసారి ప్రతి వరసా పైకి చదివించి విన్నాను. మామ్మే పసుపు అద్దింది.

అది ఇదే బండిలో వస్తుంది. రామయ్యతో చెప్పు, ఆ ఇంట్లో ఎవరూ పోలేదు, ఏ మైలా లేదు, వచ్చిన క్షణానే ఇచ్చెయ్యమను. డబ్బాలో వేసేముందు నాలుగు మూలలూ ఉన్నాయో లేదో మూడుసార్లు తడిమి చూశాను.

నీ పార్వతి